చేయిపట్టి నేర్పువారికి రాజముద్ర

విశాఖపట్టణమున విద్య యనగా వాల్తేరు కొండమీది భవనములే యని తలచువారు ఒకమారు గాంధీగ్రామమునందలి నౌకానిర్మాణశాలకు పోయి చూడవలయును. పదునెనిమిదేండ్ల కుర్రవాడు ముఖమునకు అడ్డుపలక పెట్టుకొని రేకులు అతుకుచుండగా, ప్రక్క నిలిచి ‘చేయి వణకనీకురా నాయనా’ యని మందలించు వృద్ధకార్మికుడు అచ్చట కనబడును. ఆ వృద్ధుడు ఏ పట్టికలోను ఉపాధ్యాయుడు కాడు. బడిలో బోధించువారికి సెప్టెంబరు 5వ తేదీ కలదు. ఇతనికి ఏ తేదీయు లేదు. ఈ లోపమును ప్రభుత్వమువారు తీర్పవలసియున్నదని మేము తలచుచున్నాము.

ఇది వింతకోరిక కాదు. అమెరికాదేశమున 2002వ సంవత్సరము మొదలుకొని జనవరి మాసమును యువకులకు తోడ్పడు పెద్దలకై ప్రత్యేకించి, అధ్యక్షులు రాజపత్రములమూలమున ప్రకటనలు వెలువరించుచు వచ్చిరి. హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రజారోగ్యశాఖయు, ఈ పనికై ఏర్పడిన ఒక సంఘమును దీనిని ప్రారంభించినవి. అధ్యక్షుని సంతకముచే ఒక్క అనాథబాలునికైనను అన్నము దొరకదు, నిజమే. కాని దొరగారు మెచ్చిన పనికి ఊరిలో విలువ హెచ్చుననుట మన గ్రామములలో ఎరుగనివారెవరు?

మన పట్టణమునకు ఈ విషయమున పాతసంబంధము కలదు. ఉపాధ్యాయదినోత్సవమునకు మూలపురుషుడైన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు ఆ కాలముననే ఇచ్చట బోధించిరి. కలకత్తాలో రామను గారియొద్ద పనిచేసిన సూరి భగవంతము 1932లో ఇచ్చటికి వచ్చి, గురువు తనకిచ్చిన దానిని తెలుగుబిడ్డలకు పంచెను. 1962లో రాష్ట్రపతిపదవి నధిష్ఠించిన పిమ్మట రాధాకృష్ణపండితులు తమ జన్మదినమును ఉపాధ్యాయులకే ఒసగిరి. ఆటలు నేర్పువారికి సయితము 1985 నుండి ద్రోణాచార్య పురస్కారము కలదు. ఏకలవ్యుని బొటనవ్రేలు గుర్తున్నవారికి ఆ పేరు కొంచెము ముల్లువలె తగులును, అది వేరుమాట.

కర్మాగారములలో నేర్పువాడు మాత్రము మరుగుననే మిగిలెను. 1961నాటి అప్రెంటిసుల చట్టము శిష్యునికి భృతిని, శిక్షణానంతరము యోగ్యతాపత్రమును విధించినది. నేర్పిన మేస్త్రీని దేశము కొనియాడు దినమును విధింపలేదు.

విశాఖ విషయములో దీనికి తొందర కలదు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఆంధ్రులు ప్రాణములొడ్డి సాధించిన కర్మాగారమున గోదావరి యను మొదటి కొలిమి 1990లో వెలిగెను. అప్పుడు ఇరువదియైదేండ్ల ప్రాయమున చేరినవాడు 2025లో అరువదేండ్లవాడయ్యెను. ఇనుము కరగి ప్రవహించునప్పుడు దాని వన్నెనుబట్టి తప్పొప్పులు పసిగట్టు కన్ను ఆ తరమువారిది. అది ఏ గ్రంథమునను దొరకదు. 2021 జనవరిలో కేంద్రమంత్రివర్గసంఘము ఈ కర్మాగారమును ప్రైవేటుపరము చేయుటకు సూత్రప్రాయముగా సమ్మతించినది. 2025 జనవరిలో మరల 11,440 కోట్ల రూపాయల సహాయమును కేంద్రము ప్రకటించినది. యంత్రములకు ద్రవ్యము దొరకుట సంతోషమే. ఇంటికి పోవుచున్న అనుభవమును ఏ పద్దుక్రింద నిలుపుకొందురు? భూములిచ్చిన పల్లెల యువకులు కర్మాగారపు గోడ కివతల నిలిచియున్నారు. నేర్పగల పెద్దలు ద్వారముగుండ వెలుపలికి వచ్చుచున్నారు. ఈ ఇరువురిని కలుపువారే లేరు.

మన పాఠకులలో భూస్వాములు కలరు. మీ కుమారుడు చదువునకో ఉద్యోగమునకో పట్టణము చేరినప్పుడు, అద్దెగదికంటె ముందు తెలిసిన పెద్దమనిషి యొకని వెదకితిరా లేదా? మీకు బంధువు దొరకును. తండ్రి వేటకుపోయిన జాలరిబిడ్డకు, మన్యమునుండి కంచరపాలెము శిక్షణాలయమునకు వచ్చిన గిరిజనబాలునికి ఎవరు దొరకుదురు? అట్టివానికి వారమున కొకగంట వెచ్చింపగల విశ్రాంత ఉద్యోగులు ఈ పట్టణమున వీధికొకరున్నారు. అడుగువారు లేక ఊరకున్నారు.

ఐక్యరాజ్యసమితి జూలై 15వ తేదీని యువజన నైపుణ్యదినముగా 2014లో నిర్ణయించినది. నేర్చుకొనువారి దినముననే నేర్పువారికిని రాష్ట్రప్రభుత్వమువారు పీట వేయవచ్చును. క్రొత్తదినము వెదకనక్కరలేదు. అయితే మాకొక భయము కలదు. శాలువ కప్పుట సులభము, ఛాయాపటము తీయించుకొనుట అంతకంటెను సులభము. ఎంపిక అధికారులచేత పడినచో గౌరవము అధికారుల చుట్టములకే దక్కును. కావున పేరు చెప్పు హక్కు శిష్యునికే ఉండవలెను. శిక్షణ ముగించిన ప్రతి యువకునిచేత ‘నాకు పని నేర్పినవా రెవరు’ అను ఒక్క ప్రశ్నకు జవాబు వ్రాయించి, ఆ పేర్లను రాజపత్రమున అచ్చువేయింపవలయును. ఖర్చు కాగితపు ఖర్చే. ఓడరేవు, నౌకానిర్మాణశాల, ఉక్కు కర్మాగారము, ఈ మూడింటి యాజమాన్యములను పిలిపించి జిల్లా కలెక్టరుగారు వచ్చు జూలైకి ముందే ఈ పట్టికను ఆరంభింప వచ్చును. ఇందుకు శాసనసభ సమావేశము కావలసిన పనిలేదు.