ఆటిజం పిల్లలకు అన్నం ఎందుకు సహించదు?

ఆటిజం ఉన్న పిల్లల తిండి సమస్య కొత్తది కాదు. 1943లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం మీద ప్రసిద్ధ వ్యాసం రాసినప్పుడే, వారిలో ఆరుగురికి పసితనం నుంచీ తిండి పెట్టడం కష్టమైందని నమోదు చేశాడు. అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి సమీక్ష ఒకటి, ఈ పిల్లల్లో తిండి ఇబ్బందులకు అవకాశం మిగతా పిల్లల కంటే అయిదు రెట్లు ఎక్కువని, వీరికి మాంసకృత్తులు, కాల్షియం తక్కువగా అందుతున్నాయని తేల్చింది. పెరుగన్నం, బిస్కెట్లు, ఒకే రకం చిప్సుతో ఏళ్లు గడిపేవారున్నారు. పండ్లూ కూరలూ ముట్టక, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ బారిన పడి, చిగుళ్లు నెత్తురోడి, కాళ్ల నొప్పులతో నడవలేక ఆస్పత్రి చేరిన పిల్లల కథలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇళ్లలో దీనికి పెట్టే పేరు మొండితనం. తల్లి గారాబం చేసిందనడం ఇంకా తేలిక. అసలు కారణం వేరు. తమిళనాడులో మదురై–దిండుగల్లు దారిలోని వాడిపట్టిలో, తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇంట్లో పొద్దుటి పూట వంటగది ఎలా ఉంటుంది? గ్రైండరు హోరు, ఆవాలు చిటపటలాడే తాలింపు, ఇంగువ ఘాటు, స్టీలు కంచాల చప్పుడు. మామూలు పిల్లలకు ఆకలి పుట్టించే ఇవే, శబ్దాన్నీ వాసననూ తట్టుకోలేని పిల్లవాడిని వంటగది గడప దగ్గరే ఆపేస్తాయి. ఇక సాంబారన్నం. మెత్తటి మెతుకుల మధ్య మునక్కాడ పీచు, ఉడికీ ఉడకని పప్పు, టమాటా తొక్క; ప్రతి ముద్దా వేరుగా తగులుతుంది. బిస్కెట్టు అలా మోసం చేయదు, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

రోజువారీ పనుల్లో శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు పని ఈ చిక్కును విడదీయడం. అయితే డాక్టరు పరీక్ష ముందు జరగాలి. పుచ్చుపళ్లు, మలబద్ధకం, గొంతులోకి ఎగదన్నే పులితేపులు ఉన్నా నొప్పి చెప్పుకోలేని పిల్లవాడు తిండి మానేయడమే చేస్తాడు. తర్వాత కూర్చునే తీరు చూస్తారు. నడుం నిలవని పిల్లవాడికి కాళ్లు వేలాడుతుంటే ఒళ్లు నిలబెట్టుకోవడానికే బలమంతా పోతుంది. పాదాలు ఆనే పీట, వీపుకు ఆసరా ఇస్తేనే తేడా కనిపిస్తుంది. నాలుక ముద్దను దవడ పళ్ల కిందికి తోస్తోందా, నమలకుండా చప్పరించి మింగుతున్నాడా అన్నది కూడా పరీక్షిస్తారు. నమలడం రానివాడికి మురుకు ఇచ్చి తినమంటే పొలమారుతుంది.

అసలు చికిత్స నిదానంగా నడుస్తుంది. కొత్త పదార్థం మొదట పక్క గిన్నెలో ఉంటే చాలు. ఆ తర్వాత వేలితో ముట్టడం, వాసన చూడటం, పెదవికి తాకించడం, నాకడం, కొరికి ఉమ్మేయడం. ఉమ్మినందుకు తిట్టరు, అదీ ఒక మెట్టే. తినేదానికి దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుతారు, ఒకసారికి ఒక్క గుణమే మారుస్తారు. ఇడ్లీ ఒక్కటే తినే పిల్లకు అదే పిండితో చిన్న ఊతప్పం, అది కుదిరాక పలుచని దోసె, ఆ పైన దోసె అంచున చిటికెడు క్యారెట్ తురుము. ఇడ్లీ లోపల కూర దాచి పెట్టడం మాత్రం తప్పు. పసిగట్టిన రోజున ఉన్న ఒక్క ఇడ్లీ కూడా పోతుంది. ముక్కు మూసి, చేతులు పట్టి కుక్కడం మరీ హాని: నాటి నుంచి కంచం చూస్తేనే ఓకరింత వస్తుంది. రెండున్నర, మూడు గంటలకోసారి తిండి వేళ పెట్టి, మధ్యలో పాలూ బిస్కెట్లూ ఆపితే ఆకలి తన పని తాను చేస్తుంది.

ఇంద్రియాల సమన్వయ చికిత్సకు దారి వేసిన ఎ. జీన్ ఏయర్స్ అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. దాని మీద ఆమె పుస్తకం 1972లో వచ్చింది. ఆ పద్ధతికి ఆధారాలు పరిమితమని 2012లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం హెచ్చరించింది. మెచ్చుకోలు కలిపి మెట్టు మెట్టుగా అలవాటు చేయడానికి అంతకంటే గట్టి ఆధారాలున్నాయి. కాబట్టి ఇంద్రియాల చికిత్స పేరుతో ఉయ్యాల ఊపి, బ్రష్షుతో ఒళ్లు రుద్ది పంపించే చోట, తిండి విషయంలో ఏ మార్పు ఆశించాలో అడగడం తల్లిదండ్రుల హక్కు. గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందన్న ప్రచారానికి సరైన రుజువు లేదు. నాలుగు రకాలే తినే పిల్లవాడికి అందులో రెండు తీసేయడం ప్రమాదం.

వాడిపట్టి లాంటి ఊళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో, చికిత్సలో తమిళం. రెండు భాషలు ఆటిజాన్ని పెంచవని పరిశోధనలు చెబుతున్నాయి, తెలుగు మానేయనక్కర్లేదు. వంటకాల బొమ్మల కార్డులు రెండు చోట్లా పనికొస్తాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ బీమా లక్ష రూపాయల దాకా చికిత్స ఖర్చులు భరిస్తుంది, థెరపీ కూడా అందులో ఉంది. చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్యాల సంస్థలో ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఉంది. బరువు తగ్గుతున్నా, తింటూ తరచూ పొలమారుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా థెరపీలో వంతు వచ్చేదాకా ఆగకండి. ఆ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి.