ఖాకీ చొక్కా, యానాది వల

దుత్తలూరుకు సముద్రం దూరం. అక్కడివన్నీ మెట్ట పొలాలు. పడమటికి వెళితే ఉదయగిరి దుర్గం, వెలిగొండలు. ఆ మండలంలోని ఒక అరుంధతీయవాడ నుంచి వచ్చిన నా పూర్వ విద్యార్థిని ఇటీవల అటవీ అధికారిణిగా పులికాట్ తీరంలో విధుల్లో చేరింది. సెలవుకు వచ్చినప్పుడు ఆమె అన్న మాట నన్ను వదలడం లేదు: ‘సార్, కట్టెలకు పోయిన మా అమ్మ చేతిలోంచి గార్డు కొడవలి లాక్కున్నాడు. ఇప్పుడు వల లాక్కోవాల్సిన చెయ్యి నాదే.’

కొత్త ఊరిలో ఆమెకు ఎదురైన మొదటి పరీక్ష అడవిలో కాదు, అద్దె ఇంటి గుమ్మం ముందు. ఇంటి యజమానులు జీతం అడగలేదు, ఇంటిపేరు అడిగారు. సొంత ఊరు చెబితే, ‘ఊళ్లో ఎటువైపు?’ అన్నారు. తీరం కొత్తదే గాని ప్రశ్న పాతదే. రెండిళ్లు దాటి మూడో ఇంట్లో ఆమెకు చోటు దొరికింది.

ఆ ప్రశ్న అడిగించుకున్న మనిషే మర్నాడు ఖాకీ తొడుక్కుని సరస్సు ఒడ్డుకు వెళ్లింది. రొయ్యలు ఏరుకుంటున్న ఒక యానాది అవ్వ ఆమెను చూడగానే వల వదిలేసి, చేతులు కట్టుకుని, ‘దొరసానీ’ అంది. కులం ఒకచోట ఆమెను కిందికి తోసింది, అధికారం మరోచోట పైకెత్తింది. రెండు చోట్లా తలవంచాల్సి వచ్చింది మాత్రం అట్టడుగు మనుషులకే.

పులికాట్, నేలపట్టు రెండూ 1976లో పక్షుల అభయారణ్యాలయ్యాయి. నేలపట్టు చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని అక్కడి రైతుల నమ్మకం. పక్షిని ఊరే కాపాడుకుంది. చట్టం తర్వాత వచ్చింది. సంరక్షణకు ప్రజలే అడ్డంకి అనే వాదనకు ఈ చెరువే జవాబు.

యానాదుల కథ వేరు. శ్రీహరికోట వారి ఆవాసం. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971లో ప్రయోగాలు మొదలయ్యాయి. దీవిని వదలాల్సి వచ్చిన కుటుంబాలకు భూమి లేదు, పడవ లేదు. చేతులతో రొయ్యలు, పీతలు పట్టడమే తెలుసు. సరస్సులోనూ సమానత్వం లేదు. తమిళనాడు వైపు వేటస్థలాలను వంతులవారీగా పంచే ‘పాడు’ పద్ధతిలో హక్కు పుట్టుకను బట్టే వస్తుంది. దళితులు, ఆదివాసులు ఆ వంతుకు వెలుపలే మిగిలారు. నీటికీ కులపు గట్లున్నాయి.

అధికారి కులంతో పనేమిటి, చట్టం అందరికీ ఒకటే కదా అని కొందరంటారు. ఒకటే, కానీ సగమే చదువుతున్నాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏం నిషేధిస్తుందో సిబ్బందికి కంఠతా వచ్చు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చారిత్రక అన్యాయాన్ని తన పీఠికలోనే ఒప్పుకుంది. ఆ చట్టం దృష్టిలో అభయారణ్యం కూడా అటవీ భూమే. సెక్షన్ 3(1)(డి) చేపలు, ఇతర జల ఉత్పత్తులపై సామూహిక హక్కులను గుర్తిస్తుంది. హక్కును నిర్ణయించే ప్రక్రియ గ్రామసభలో మొదలవుతుంది, రేంజ్ కార్యాలయంలో కాదు.

చేపపిల్లలను సైతం ఊడ్చే సన్నకన్ను వలను ఆపాల్సిందే. గూళ్లు కట్టే కాలంలో పక్షులను బెదరగొట్టేవారిని అడ్డుకోవాల్సిందే. అయితే పూటకూటికి చేతులతో రొయ్యలేరుకునే అవ్వనూ అదే గాటన కట్టడం సంరక్షణ కాదు.

రిజర్వేషన్ అరుంధతీయవాడ బిడ్డకు ఖాకీ చొక్కా ఇచ్చింది. ఆ చొక్కా పనితీరును మార్చే బాధ్యతను ఆమె ఒక్కతిపై వదిలేయడం న్యాయం కాదు. అటవీ సిబ్బంది శిక్షణలో రెండు చట్టాలకూ సమాన స్థానం ఉండాలి. తీరంలోని యానాది కాలనీల్లో గ్రామసభలు జరగాలి. హక్కుల దరఖాస్తులు తెలుగులో వారి చేతికి అందాలి.

వెళ్లేటప్పుడు ఆమె నన్ను 2006 చట్టం తెలుగు ప్రతి అడిగింది. రెండు ప్రతులు ఇచ్చాను. ఒకటి ఆమెకు, రెండోది యానాది కాలనీలో బడికెళ్లే పిల్లలెవరైనా పెద్దలకు చదివి వినిపించేందుకు.