సిబిల్ పోయినా ఖాతా ఇస్తారు

“సిబిల్ పోయింది కదండీ, ఇంక ఏ బ్యాంకూ మాకు ఖాతా ఇవ్వదు.” అప్పు సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లు, లోక్ అదాలత్‌లో వాయిదాలకు ఒప్పుకున్నవాళ్లు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టినవాళ్లు ఈ మాటను ఎంత గట్టిగా నమ్ముతారంటే, బ్యాంకు గడప తొక్కడమే మానేస్తారు. జీతం బావమరిది ఖాతాలో పడుతుంది. కూలి డబ్బు మేస్త్రీ ఫోన్‌పేకి వస్తుంది. అది చేతికి అందేసరికి ఎంత తగ్గిందో అడగడానికి మొహమాటం. ఇంటి మనిషి సంపాదన మరొకరి పేరు మీద తిరుగుతుంటే ఆ ఇంట్లో ఎన్ని గొడవలు పుడతాయో చూసినవాళ్లకు తెలుసు. ఇంత కష్టానికి మూలం ఒక తప్పుడు నమ్మకం.

సిబిల్ చెప్పేది ఒక్కటే: ఈ మనిషి తీసుకున్న అప్పులు ఎలా కట్టాడు అని. కొత్తగా అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. పొదుపు ఖాతాలో బ్యాంకు మనకు అప్పు ఇవ్వడం లేదు. మన డబ్బు తన దగ్గర పెట్టుకుని తానే మనకు బాకీ పడుతోంది. అందుకే ఖాతా తెరవడానికి స్కోరుతో పని లేదు, గుర్తింపు పత్రాలు చాలు. ఆధార్, పాన్, ఫొటో. పాన్ లేకపోతే ఫారం 60. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల్లోనే ఒక మాట స్పష్టంగా ఉంది: ఖాతాదారులను చేర్చుకునే విధానం పేరు చెప్పి సామాన్య జనానికి, ముఖ్యంగా ఆర్థికంగా, సామాజికంగా వెనకబడినవారికి బ్యాంకు సేవలు నిరాకరించకూడదు. 2023 జూన్‌లో సెటిల్‌మెంట్ల గురించి ఇచ్చిన ఆదేశాల్లో, సెటిల్ చేసుకున్నవారికి వ్యవసాయ రుణాలు తప్ప మిగతా కొత్త అప్పులు కనీసం 12 నెలలు ఆగాకే ఇవ్వాలని ఉంది. ఆ గడువు అప్పులకే. పొదుపు ఖాతాకు అలాంటి గడువేమీ లేదు.

అడగాల్సిన ఖాతా పేరు బేసిక్ సేవింగ్స్ ఖాతా. జనం జీరో అకౌంటు అంటారు. 2005లో ‘నో ఫ్రిల్స్’ పేరుతో మొదలై, 2012 ఆగస్టులో ఇప్పటి రూపానికి వచ్చింది. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలకూ ఇదే పునాది. కనీస నిల్వ అక్కర్లేదు. ఎన్నిసార్లు, ఎంత జమ చేసినా అభ్యంతరం లేదు. ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం నాలుగుసార్లు ఖర్చు లేకుండా డబ్బు తీసుకోవచ్చు. ఒక్క షరతు గుర్తుంచుకోవాలి, అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు. ఇది పేదలకే పరిమితమైన పథకం కాదు, ఎవరడిగినా ఇవ్వాల్సిన మామూలు సేవ.

ఖాతా దొరకడం ఇంత సులువే. ఏ బ్యాంకులో తెరవాలన్న దగ్గరే జనం దెబ్బతింటున్నారు.

ఊళ్లో కిరాణా కొట్టు సంగతి తీసుకోండి. పద్దులో మీ పేర మూడువేలు బాకీ ఉంది. మీరు అయిదొందల నోటు ఇచ్చి నూనె ప్యాకెట్టు అడిగారు. కొట్టాయన ప్యాకెట్టు ఇచ్చి, మిగిలిన చిల్లర మీ చేతిలో పెట్టకుండా పద్దులో జమ వేసుకున్నాడు. మీకు కోపం వస్తుంది, అయినా ఆయన లెక్క ఆయనకుంది. బ్యాంకుకు ఇదే పని చేసే హక్కును చట్టమే ఇచ్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్, దాని చుట్టూ అల్లుకున్న కోర్టు తీర్పులు, మనం అప్పు పత్రం మీద పెట్టిన సంతకాలు, అన్నీ కలిసి ఆ హక్కు. అప్పు ఉన్న బ్యాంకులోనే జీతం పడితే, ఆ జీతం మీద హోల్డ్ పెట్టవచ్చు, బాకీకి మళ్లించుకోవచ్చు. నాకు తెలిసిన ఒక దర్జీ పాస్‌బుక్కులో 14,200 నిల్వ కనిపిస్తుంది. ఏటీఎం దగ్గర మాత్రం తీసుకోగలిగింది సున్నా అని వస్తుంది. మిషన్ పాడైందనుకుని ఆయన మూడు ఏటీఎంలు తిరిగాడు. పాత పర్సనల్ లోను బాకీకి బ్యాంకు ఆ మొత్తాన్ని బిగించి ఉంచిందని బ్రాంచీకి వెళ్తే గానీ తెలియలేదు. హామీ సంతకం పెట్టినవాళ్ల ఖాతాలకూ ఇదే ప్రమాదం. స్నేహితుడి అప్పుకు సంతకం పెట్టి మరిచిపోయినవాళ్లు ఇక్కడే ఉలిక్కిపడతారు.

కాబట్టి బాకీ ఉన్న కొట్టులో చిల్లర వదలకూడదు, సరుకులు వేరే కొట్టులో కొనుక్కోవాలి. అయితే ఆ వేరే కొట్టు నిజంగా వేరేదేనా? అన్నదమ్ముల రెండు కొట్లు కలిసిపోతే పద్దులూ కలిసిపోతాయి. మన దగ్గర జరిగింది అదే. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకు అయ్యాయి, అదే రోజు సిండికేట్ కెనరాలో కలిసింది. విజయా, దేనా అంతకు ఏడాది ముందే బ్యాంక్ ఆఫ్ బరోడా. గ్రామీణ బ్యాంకులూ అంతే. 2025 మే 1 నుంచి చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. తెలంగాణలోని గ్రామీణ వికాస్ శాఖలు అప్పటికే తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. అప్పు ఆంధ్రా బ్యాంకుది, జీతం కార్పొరేషన్ బ్యాంకులో కాబట్టి భయం లేదనుకున్నవాళ్లకు ఇప్పుడు రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి. పాత పాస్‌బుక్కు అట్ట మీది పేరు చూసి నిర్ణయించుకోకండి. మీ అప్పు ఇప్పుడు ఎవరి పుస్తకాల్లో ఉందో బ్రాంచీలో అడిగి తెలుసుకోండి.

ఇక అసలు అరువే ఇవ్వని కొట్టు ఒకటుంది. అక్కడ పద్దు పుస్తకమే ఉండదు కాబట్టి మీ చిల్లర పట్టుకునే ప్రశ్నే రాదు. పేమెంట్స్ బ్యాంకులు అలాంటివి. అప్పులు ఇవ్వడానికి వాటికి అనుమతి లేదు. 2018 సెప్టెంబరు 1న మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాను పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి తెరుస్తాడు. యూపీఐ పనిచేస్తుంది. రోజు ముగిసేసరికి నిల్వ 2 లక్షలు దాటకూడదన్నదే పరిమితి, అప్పు తీర్చుకుంటున్న కుటుంబానికి అది అడ్డే కాదు. నన్నడిగితే ముందు పోస్టాఫీసుకే వెళ్లమంటాను. ఊరి పోస్టాఫీసు మీద నాకున్న అభిమానం ఈ మాటలో కొంత ఉంది. బాకీ వివరాలు బయటపడతాయన్న బెరుకు లేకుండా మనిషి నిలబడగలిగే కౌంటరు అది.

అలా మిగుల్చుకున్న డబ్బుకు బయటా గండం ఉంది. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఋణవిమోచన యంత్రాలు, ఉంగరాలు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పులు తీరాలని మంగళవారం పూజ చేసుకోవడం ఎవరిష్టం వాళ్లది. వాయిదా కట్టాల్సిన అయిదువేలు తీసుకుని రాగిరేకు చేతిలో పెట్టడం మాత్రం దోపిడీ. ఒక్క వాయిదా తప్పినా సెటిల్‌మెంటు రద్దై, వదిలేసిన వడ్డీ అంతా తిరిగి మీద పడవచ్చు.

వాయిదాల మాట వచ్చింది కాబట్టి: కొత్త ఖాతా దొరికిందని పాతదాన్ని ఉన్నపళాన గాలికి వదలొద్దు. పాత ఖాతా నుంచి ఆటో డెబిట్ ఉంటే, డబ్బు లేక అది తిరిగిపోయినప్పుడు ఛార్జీలు పడతాయి. 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాంటి కేసు కూడా వేయవచ్చు. ఒప్పుకున్న వాయిదా ఎంతో అంత, ముందురోజు పాత ఖాతాలో వేయండి. ఇంటి ఖర్చుల డబ్బు కొత్త ఖాతాలో ఉండనివ్వండి. చివరి వాయిదా కట్టిన రోజే బాకీ లేదన్న పత్రం రాయించుకోండి.

వేరే బ్యాంకులో పెట్టినంత మాత్రాన కోర్టు డిక్రీ నుంచి రక్షణ రాదు. గెలిచిన రుణదాత ఏ బ్యాంకులోని డబ్బునైనా జప్తు కోరవచ్చు. కానీ మొత్తం ఊడ్చుకుపోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒప్పుకోదు. భరణం డిక్రీలు తప్ప మిగతావాటిలో జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. ప్రభుత్వ పింఛను అసలే అందదు.

ఐపీ పెట్టినవాళ్ల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 2016 నాటి దివాలా కోడ్‌లో వ్యక్తుల కోసం రాసిన భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికే అమల్లోకి వచ్చింది. మామూలు మనుషులు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే కోర్టుకు వెళ్తున్నారు. దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు లేదా కోర్టు నియమించిన రిసీవర్ చేతికి పోతుంది. అప్పుల నుంచి కోర్టు విముక్తి (డిశ్చార్జి) ఇచ్చేలోపు కొత్తగా వచ్చిన ఆస్తీ అంతే. జప్తుకు అందనివి మాత్రం మినహాయింపు. అంటే ఖాతా తెరవడం తప్పు కాదు, దాచడం తప్పు. ఖాతా నంబరు రాసి, తేదీ వేసి రిసీవరుకు ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. డబ్బు భార్య పేరనో తమ్ముడి పేరనో మార్చేసినా నిలవదు. ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని, పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపుదైతే, రద్దు చేయించవచ్చు.

అదే చట్టంలో 72వ సెక్షన్ ఎవరి కంటా పడదు. డిశ్చార్జి రాని దివాలాదారు తన స్థితి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు పుచ్చుకుంటే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. నూరేళ్లు దాటినా ఆ అంకె మారలేదు. జన్‌ధన్ ఖాతాతో 10,000 వరకు ఓవర్‌డ్రాఫ్ట్ వస్తుందని బ్యాంకు మిత్ర చెబితే సంతోషంగా సంతకం పెట్టేస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే అప్పే. ఖాతా తీసుకోండి, ఓవర్‌డ్రాఫ్ట్ వద్దని ఫారంలోనే కొట్టేయండి.

ఇంత తెలిసి వెళ్లినా కౌంటరులో “మీకు కుదరదు” అనవచ్చు. చాలాచోట్ల అది బ్యాంకు నిర్ణయం కాదు, ఆ కుర్చీలో ఉన్నవారి అలవాటు. వాదించకండి. బేసిక్ సేవింగ్స్ ఖాతా కావాలని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం అడగండి. ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పమనండి. చాలా దరఖాస్తులు అక్కడే కదులుతాయి. కదలకపోతే బ్యాంకుకే లిఖితంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి.