జిమ్నీకి పవర్ చాలట్లేదా? ముందు టైర్లు చూడండి

మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిపడ్డ లక్షల మందిలో నేనూ ఒకణ్ని. ఆఫీసులో ఎవరి బండికి ఏమొచ్చినా నా డెస్క్ దగ్గరికే వస్తారు. ఈమధ్య వచ్చినవాడు జిమ్నీ ఓనరు. "అన్నా, పికప్ లేదు. టర్బో పెట్టించేద్దామనుకుంటున్నా" అన్నాడు. రెండు లక్షలు పక్కన పెట్టుకున్నాడట కూడా.

పికప్ లేదన్న మాట అబద్ధం కాదు. మన దగ్గర 2023లో వచ్చిన అయిదు డోర్ల జిమ్నీలో ఉన్నది 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 105 హార్స్‌పవర్. కాగితం మీద బానే ఉంది. కానీ ఆ 105 వచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర. అంత పిండి నడిపేవాళ్లెవరు? గరిష్ఠ టార్క్ 134 న్యూటన్ మీటర్లు, అది 4000 దగ్గర. టార్క్‌ని ఆర్‌పీఎంతో లెక్కేస్తే అక్కడ చేతికొచ్చేది సుమారు 76 హార్స్‌పవర్. మనం సిటీలో తిరిగే 2000 దగ్గరైతే 38 కూడా దాటదు. బండి బరువేమో దాదాపు 1200 కిలోలు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించాల్సి రావడంలో వింతేం లేదు.

"కొన్న కొత్తలో బానే ఉండేది కదా?" అని అడిగా. కాసేపు ఆలోచించి అవునన్నాడు. పార్కింగ్‌లోకి దిగి చూస్తే విషయం అర్థమైంది. లావు టైర్లు, ముందు ఇనుప బంపరు, దానికో వించ్, పైన రూఫ్ ర్యాక్. ఫొటోల్లో అదిరిపోతుంది, కాదనను.

కంపెనీ టైరు 195/80 ఆర్15. ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. వాడు వేయించింది 235/75 ఆర్15, అంటే 733. దాదాపు ఆరు శాతం పెద్దది. చక్రం పెద్దదయ్యేకొద్దీ నేల మీద తోసే బలం అదే లెక్కన తగ్గుతుంది. 134 టార్క్ ఉన్న బండి 127 ఉన్నట్టు లాగుతుంది. పైగా టైరు బరువు వేరే. బంపరు, వించ్, ర్యాక్ కలిపి 120 కిలోలు పెరిగాయనుకుంటే, కిలోకి అందే పవర్ ఇంకో తొమ్మిది శాతం పోయినట్టే. మా భాషలో చెప్పాలంటే, కోడ్‌లో మనమే చెత్త నింపుకుని సర్వర్ చిన్నదైపోయిందని ఏడవడం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, బ్రేకు పట్టుకుపోయినా, క్లచ్ జారుతున్నా అంతే. ముందు పోయిన గుర్రాల్ని వెతుక్కోవాలి.

ఇక దుకాణాల్లో అమ్మే పవర్ సంగతి. ఈసీయూ రీమ్యాప్ అనేది టర్బో ఇంజిన్లకి బాగా పనిచేస్తుంది, సాఫ్ట్‌వేర్‌తో గాలి ఒత్తిడి పెంచొచ్చు కాబట్టి. జిమ్నీకి టర్బో లేదు. పెంచడానికి అక్కడ ఒత్తిడే లేనప్పుడు రీమ్యాప్ ఏం చేస్తుంది? యాక్సిలరేటర్ కాస్త చురుగ్గా అనిపిస్తుంది, అంతే. ఎగ్జాస్ట్ మార్చినా ఎక్కువ వచ్చేది శబ్దమే.

టర్బో కిట్‌తో మాత్రం పవర్ నిజంగానే పెరుగుతుంది. ఒప్పుకోవాలి. రాజస్థాన్ ఇసుక దిబ్బలెక్కాలన్నా, గాలి పలచబడే లద్దాఖ్ కనుమలు దాటాలన్నా దాని విలువ తెలుస్తుంది. కానీ టర్బో లేకుండా డిజైన్ చేసిన ఇంజిన్ అది. ట్యూనింగ్ కాస్త తేడా కొట్టినా నాకింగ్ మొదలై పిస్టన్ల మీదకి వస్తుంది. ఆ తర్వాత క్లచ్ వంతు, దాని తర్వాత యాక్సిల్ వంతు. వెనక డ్రమ్ బ్రేకులు మాత్రం అవే ఉంటాయి. వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేదీ ఇదే.

అసలు బురదలో బండి ఆగేది పవర్ చాలకేనా? వానాకాలంలో వికారాబాద్ వైపు నల్లరేగడి చేల మధ్య బండిబాటల్లో తిరిగితే తెలుస్తుంది. ఇంజిన్ గట్టిగానే అరుస్తుంటుంది, చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటాయి. అక్కడ లేనిది పట్టు. పవర్ ఇంకా పెంచితే గుంట ఇంకా లోతవుతుంది, అంతే. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించండి, టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడం మర్చిపోవద్దు. 4ఎల్ లివర్ వేస్తే వేగం సగమై, తోసే బలం దాదాపు రెండింతలవుతుంది. ఏ టర్బో కిట్టూ ఇంత ఇవ్వదు. బండి కొన్నప్పుడే దీనికి డబ్బులు కట్టేశాం, చాలామంది లివర్ ముట్టుకోరు గానీ!

జపాన్‌లో అమ్మే చిన్న జిమ్నీకి 660 సీసీ టర్బో ఇంజిన్, 64 హార్స్‌పవర్. బండి మనదానికంటే తేలిక. కొండలూ బురదా వాళ్లూ తొక్కుతూనే ఉన్నారు. మన జిప్సీ చరిత్రా అంతే. 1985లో వచ్చినప్పుడు లీటరు ఇంజిన్‌తో 45 హార్స్‌పవర్, 1996లో 1.3 లీటర్లతో 60, 2000లో ఎంపీఎఫ్ఐతో 80. ఆ 45తోనే సైన్యం వాడకం మొదలుపెట్టింది.

మావాడు రూఫ్ ర్యాక్ ఆ వీకెండే తీయించేశాడు. 215/75 టైర్లకి మారమన్నాను, కంపెనీ సైజుకంటే ఒకటిన్నర శాతమే పెద్దవి. ఆర్సీ ప్రకారం అవి చెల్లుతాయో లేదో ఆర్టీయే ఆఫీసులో కనుక్కుని వేయించుకోమన్నాను. చిన్న ఎయిర్ కంప్రెసరు, ప్రెషర్ గేజ్, మంచి లాగుడు తాడు కొన్నాడు. వించ్ మాత్రం తీయనన్నాడు. ఇన్‌స్టాలో దానికే లైకులొస్తాయట.