నోరు తెరిచి నిద్రపోయే పిల్లలు: తల్లిదండ్రులు గమనించాల్సినవి



నిరుడు మూడో తరగతిలో ఒక బాబు ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేవాడు. రెండో పీరియడ్‌కే కునుకు తీసేవాడు. "నోరు మూసుకుని సరిగ్గా కూర్చో" అని చాలాసార్లు అన్నాను. పీటీఎంలో వాళ్లమ్మ "రాత్రంతా గురక పెడతాడు టీచర్" అన్నాక నా తప్పు తెలిసింది. ఈఎన్‌టీ డాక్టర్ చూస్తే అడినాయిడ్స్ వాచి ఉన్నాయి. ముక్కు ఆడని పిల్లాడిని నోరు మూసుకొమ్మన్నాను!

ముక్కు గాలిలోని దుమ్మును వడకడుతుంది, గాలిని వెచ్చబరుస్తుంది, తేమ కలుపుతుంది. నోరు ఈ పనులు అంత బాగా చేయలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. నోరు మూసి ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని ఉంటుంది. పైదవడ వెడల్పుగా పెరగడానికి ఆ ఆసరా కావాలి. ఎప్పుడూ నోరు తెరిచే ఉంటే నాలుక కిందికి జారిపోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే అంగిలి ఇరుకు కావచ్చు, పళ్లు వంకర రావచ్చు, ముఖం పొడవుగా పెరగవచ్చు. మన నోటికి పైకప్పయిన అంగిలే ముక్కుకు నేల. అందుకే అది ఇరుకైతే ముక్కుదారి కూడా ఇరుకవుతుంది. అమెరికాలో హార్వోల్డ్ బృందం కోతులకు ముక్కు మూసి చేసిన ప్రయోగాల్లో దవడ, పళ్ల వరుస మారినట్టు 1981లో ప్రచురించారు. ముఖం తీరులో వంశపారంపర్యం కూడా ఉంటుంది కాబట్టి ప్రతి బిడ్డకూ ఇలాగే జరగదు.

"పెద్దయితే అదే తగ్గుతుందిలే" అంటాం. నిజమే, అడినాయిడ్స్ వయసుతో చిన్నవవుతాయి. కానీ అప్పటికే మారిన ఎముక తీరు దానంతట అదే పూర్తిగా సరికాకపోవచ్చు.

జలుబు చేసిన వారం రోజులు నోటితో గాలి పీల్చడం మామూలే. తగ్గాక ఒక రాత్రి, బిడ్డ నిద్రపోయిన గంటకు పక్కన కూర్చుని చూడండి:

• నోరు తెరిచి ఉందా? గురక ఉందా?
• మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ తీసుకుంటున్నారా?
• పొద్దున పెదాలు ఎండిపోయి, తలనొప్పి అంటున్నారా?

ఇవి తరచూ కనిపిస్తే ముందుగా పిల్లల డాక్టర్‌కు గానీ ఈఎన్‌టీకి గానీ చూపించండి. మన ఎంజీఎంలో కూడా ఈఎన్‌టీ విభాగం ఉంది. ఊపిరి ఆగుతుంటే ఆలస్యం చేయకండి. కారణం అలర్జీ కావచ్చు, టాన్సిల్స్ కావచ్చు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వీడియోలు చూసి పిల్లల నోటికి టేపు మాత్రం వేయకండి.

గురక సంగతి డైరీలో ఒక్క వాక్యం రాసి పంపినా చాలు. నిద్ర చాలని బిడ్డను బద్ధకస్తుడని మేం తిట్టకుండా ఉంటాం.