హద్దు దాటి వచ్చిన కారు: కాగితాలు, పోషణ, కొన్ని జాగ్రత్తలు

మన రూపనగుడి పరిసర గ్రామాలలో ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. చుట్టరికాలూ అంతే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికీ, బళ్ళారి మైసూరు రాష్ట్రానికీ చెందినప్పటికీ మన బంధుత్వాలకు హద్దురాళ్ళు పడలేదు. వాహనాలకు మాత్రం పడ్డాయి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం అనంతపురం జిల్లాలో ఉన్న మా బావ వద్ద ఒక పాత హోండా సిటీ కారు తీసుకున్నాను. "మనవాళ్ళమే కదా, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనుకున్నాము. ఆ 'తర్వాత' ఏడాది దాటింది. ఒకనాడు నా చేతిలో ఉండగా కారు ఒక ద్విచక్ర వాహనానికి తగిలి, దానిపై వస్తున్న వ్యక్తి కాలు విరిగింది. నోటీసు నాకు రాలేదు, బావ ఇంటికి వెళ్ళింది. బీమా గడువు మిగిలి ఉన్నందున డబ్బు విషయంలో గట్టెక్కాము గాని, మా అత్తయ్య చాలా నెలలు మా గడప తొక్కలేదు. తప్పు నాదే. అటువంటి పొరపాటు పాఠకులు చేయరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశము.

ఈ కార్లపై మోజు ఎందుకు?

కుటుంబమంతా కూర్చోగలిగి, సామాను పెట్టె విశాలంగా ఉండి, రహదారిపై చురుకుగా పరుగెత్తే సెడాన్ కార్లంటే మన యువకులకు ప్రీతి. 1998లో మన దేశానికి వచ్చిన హోండా సిటీ వీటిలో ప్రసిద్ధమైనది. 2008 చివర వచ్చిన దాని మూడవ తరం కారులో 1.5 లీటర్ల ఇంజను, 118 అశ్వశక్తి ఉండేవి. కొత్తలో మధ్యతరగతికి అందని ఆ కారు నేడు చౌకగా దొరుకుతున్నది. అయితే కొనే ధర తగ్గినంత మాత్రాన పోషించే ఖర్చు తగ్గదు. విడిభాగాల ధర, టైర్ల ధర పెద్ద కారు ధరలే.

ముందు కాగితాలు, తర్వాత తాళంచెవి

ఆంధ్రలో నమోదైన కారును కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అంటే ఏపీ-02 కారు కేఏ-34 కావాలి. అందుకు వరుసగా చేయవలసినవి ఇవి.

మొదట పరివాహన్ వెబ్‌సైటులో గాని, ఎం-పరివాహన్ యాప్‌లో గాని కారు నంబరు కొట్టి అప్పు, బీమా, నమోదు గడువు చూడాలి. బ్యాంకు అప్పు ఉంటే, అది తీరినట్లు బ్యాంకు పత్రంతో పాటు 35వ నంబరు ఫారం తేవాలి. తర్వాత అమ్మే వ్యక్తి తన ఆర్.టి.ఓ. కార్యాలయం నుండి 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు అవసరం. కొన్నవారు 30 రోజుల లోపల బదిలీ సంగతి తెలియజేయాలి. కర్ణాటకలో కారు వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగులును నిబంధనల మేరకు వెనక్కి కోరవచ్చు. బేరమాడే ముందే ఈ పన్ను ఎంతో కనుక్కొని, ధరలో కలుపుకొని లెక్క చూడండి.

అమ్మేవారికీ ఇది ముఖ్యమే. ఆర్.సి.లో ఎవరి పేరుంటే వారే యజమాని అనీ, కారు అమ్మివేశామన్న కారణంతో ప్రమాద పరిహార బాధ్యత తప్పదనీ 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బీమాను కూడా 14 రోజుల లోపల కొన్నవారి పేరుకు మార్పించాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత యజమానిదే, కారుతో రాదు.

నమోదు 15 ఏళ్ళకే చెల్లుతుంది. 2010లో నమోదైన కారుకు 2025తో ఆ గడువు ముగిసింది. తనిఖీలో నెగ్గితే మరో 5 ఏళ్ళు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుండి ఇందుకు రుసుము 5,000 రూపాయలు. హరిత పన్ను అదనం.

కొనేటప్పుడు చూడవలసినవి

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. వేడి ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు దాని పుట్టిన తేదీ: 2319 అని ఉంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ఆరేళ్ళు దాటిన టైరును మార్చుకోవడం మంచిది. తకాటా సంస్థ ఎయిర్‌బ్యాగులలో లోపం బయటపడి హోండా సంస్థ 2016, 2017లలో సిటీతో సహా అనేక కార్లను పిలిపించి ఉచితంగా మార్చింది. మీరు చూస్తున్న కారుకు ఆ మార్పు జరిగినదీ లేనిదీ ఛాసిస్ నంబరుతో హోండా సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఇది ప్రాణానికి సంబంధించినది.

మన నేలకు తగిన పోషణ

మన నల్లరేగడి దారుల ధూళికి ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకొనిపోతుంది. పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే దులిపించి, అవసరమైతే మార్చాలి. మూడవ తరం సిటీ ఇంజనులో టైమింగ్ బెల్టుకు బదులు గొలుసు ఉంటుంది. దాని ఆయుష్షు ఆయిలు శుభ్రతపై ఆధారపడి ఉంటుంది గనుక ఆయిలు మార్పు వాయిదా వేయరాదు. బెల్టు ఉన్న కారైతే, అది ఎప్పుడు మార్చారో రుజువు చూపమనండి. నడుస్తుండగా తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగి, పెద్ద ఖర్చు వస్తుంది.

వేసవిలో రేడియేటరులో ఉత్త నీళ్ళు కాక కూలెంటు పోయాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది గనుక రెండేళ్ళకొకసారి మార్చాలి. ఈ కార్ల నేల ఎత్తు తక్కువ. కుటుంబమంతా ఎక్కినప్పుడు పొలం దారిలోని గట్టుకు అడుగుభాగం తగులుతుంది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు వాటా 20 శాతానికి చేరింది. పాత కార్ల రబ్బరు గొట్టాలు దానికి తగినట్లు చేసినవి కావు గనుక, ప్రతి సర్వీసులో వాటిలో పగుళ్ళు, చెమ్మ ఉన్నవేమో చూపించుకోవాలి.

చేతిలో మూడు లక్షలుంటే రెండున్నర లక్షల కారే చూడండి. మిగిలిన యాభై వేలు పన్నుకూ, టైర్లకూ, మొదటి సర్వీసుకూ ఉపయోగపడతాయి. ఇక బంధువు వద్ద కొనేటప్పుడు కాగితం అడగడం అవమానమని ఎవరూ భావించవద్దు. కాగితం సరిగా ఉంటేనే బంధుత్వమూ సరిగా ఉంటుంది. మా బావ సంతకం చేసిన 29వ ఫారం నకలు నేటికీ నా బీరువాలో ఉన్నది. అది ఏడాది ముందే అక్కడ ఉండవలసింది.