బుల్లెట్ కింద నూనె మరక

పాత బుల్లెట్ నిలిపిన చోట నేల మీద నల్లటి మరక కనిపిస్తే, అది ఆ బండి గుణమేనని చాలామంది వదిలేస్తారు. కానీ కారే ప్రతి చుక్కకూ ఒక కారణం ఉంటుంది. చాలావరకు ఇంట్లోనే పట్టుకుని సరిచేసుకోవచ్చు.

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. ఆ పేరుతో 1932లో బండి వచ్చింది. 1950ల మొదట్లో భారత సైన్యం 800 బుల్లెట్లు కొన్నది. 1955లో మద్రాస్ మోటార్స్ దాన్ని తయారుచేసే ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. 1970 నాటికి ఇంగ్లండులో తయారీ ఆగిపోయినా, ఎన్‌ఫీల్డ్ ఇండియా తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పోత ఇనుప సిలిండరు ఇంజన్ ఈ శతాబ్దంలోకీ నడిచివచ్చింది.

ఆ ఇంజన్‌లో పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 90. అంటే దిగిన ప్రతిసారీ కింద క్రాంక్ గదిలోని 346 సీసీల గాలిని సైకిల్ పంపులా నొక్కుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 3,000 సార్లు! ఆ గాలి పోవడానికి ఒక బ్రీదర్ గొట్టం, బయటికి వదిలి లోపలికి రానివ్వని చిన్న వాల్వు ఉంటాయి. గొట్టం పూడుకుపోయినా, వాల్వు రబ్బరు గట్టిపడినా గాలి వేరే దారి వెతుక్కుంటుంది. ప్యాకింగుల సందుల్లోంచి నూనెను తోసుకుంటూ వస్తుంది. బ్రీదర్ చూడకుండా ప్యాకింగులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగే.

నూనె ట్యాంకు కూడా క్రాంక్ కేసులోనే, వెనకవైపు ఉంది. ఆ కేసు నిలువుగా రెండు ముక్కలు, కాబట్టి అతుకు నూనె మట్టానికి కిందిదాకా సాగుతుంది. ఎడమవైపు క్లచ్ కేసు మూతనైతే మధ్యలో ఒకే ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు రింగు ముదిరిందంటే అక్కడ కారక తప్పదు. ఆ నట్టును ఇంకా బిగిస్తే మూత వంగుతుందే తప్ప లీకు ఆగదు. రింగు మార్చడమే మందు.

మరి ఎక్కడ కారుతోందో తెలిసేదెలా? చుక్క పడే చోటు నమ్మదగ్గది కాదు, ఎదురుగాలి నూనెను వెనక్కి లాక్కెళుతుంది. ఇంజన్ చల్లారాక కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపి తేవాలి. తెల్లటి పౌడర్ మీద తడి చార స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చారలో అన్నిటికంటే పైనున్న చోటే అసలు దొంగ.

ప్యాకింగ్ మార్చేటప్పుడు పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. అల్యూమినియం మీద పడిన గీతే రేపటి లీకుకు దారి. సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం మరీ ప్రమాదం: లోపలికి పొంగిన ముక్క ఊడి నూనె దారికి అడ్డుపడితే బేరింగులు ఎండిపోతాయి. పలచటి పూత చాలు. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. బలమంతా చూపిస్తే మరలు తెగుతాయి. ఆయిల్ సీలైతే స్ప్రింగు ఉన్న పెదవి నూనెవైపు ఉండాలి, దానికి కాస్త నూనె రాసి వంకర పోకుండా దింపాలి. షాఫ్టు మీద గాడి పడి ఉంటే మాత్రం కొత్త సీలు కూడా ఎక్కువ కాలం ఆగదు.

వారాల తరబడి నిలిపిన బండిని స్టార్ట్ చేయగానే పొగ వచ్చి, బ్రీదర్ నుంచి నూనె కక్కితే కంగారు పడక్కర్లేదు. పంపు దగ్గర సందుల్లోంచి నూనె నెమ్మదిగా క్రాంక్ గదిలోకి జారి ఉంటుంది. కాసేపు నడిస్తే పంపే దాన్ని ట్యాంకులోకి తోడేస్తుంది. వెనక టైరు మీద నూనె కనిపిస్తే మాత్రం, అది శుభ్రం చేసి లీకు ఆపేదాకా ఆ బండిని రోడ్డెక్కించకండి. తీసిన పాత నూనెను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత నూనె తీసుకునే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.